అల్యూమినియంలో చిటికెడు రాగి

పోయిన నెల మా టీములోకి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు సర్వర్లో ఉన్న ఓ చిన్న స్క్రిప్టు చూపించి "ఇదెందుకన్నా?" అని అడిగాడు. ప్రతి రాత్రీ రెండింటికి ఒక సర్వీసుని ఆపి మళ్ళీ మొదలుపెట్టే స్క్రిప్టు అది. రాసింది నేనే, ఆరేళ్ళ క్రితం. మెమొరీ మెల్లగా నిండిపోయి మూడు నాలుగు రోజులకోసారి సర్వీసు పడిపోతుంటే, కారణం వెతికే తీరిక లేక "ప్రస్తుతానికి" అని పెట్టాను. ఆ ప్రస్తుతం వయసు ఇప్పుడు ఆరేళ్ళు. "ఇంతకీ మెమొరీ ఎందుకు నిండుతోంది?" అన్నాడు. తెలియదన్నాను. వాడేమీ అనలేదు గానీ నాకే సిగ్గేసింది.

మన వృత్తిలో మాసికలు వేయడం కొత్తేం కాదు. కానీ ఆ సర్వర్లో ఉన్న చిప్పులో కూడా ఓ మాసిక ఉందనీ, దానికి అర్ధశతాబ్దం దాటిన చరిత్ర ఉందనీ చాలామందికి తెలియదు. నాకూ ఈమధ్యనే తెలిసింది. మాసిక వేయడంలో మనకీ వాళ్ళకీ తేడా ఎక్కడుందో ఆ కథ చదువుతుంటే అర్థమైంది. అందుకే ఈ టపా. కాస్త పెద్దదే, టీ పెట్టుకుని కూర్చోండి :)

చిప్పు అనగానే అందరం ట్రాన్సిస్టర్ల గురించే మాట్లాడతాం. ఎన్ని కోట్లు, ఎన్ని నానోమీటర్లు అని. ఆ ట్రాన్సిస్టర్లని ఒకదానికొకటి కలిపే తీగల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. 1959లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో రాబర్ట్ నోయిస్ చూపించిన దారిలో సగం గొప్పతనం ఆ తీగలదే. అంతకు ముందు ఏడాది జాక్ కిల్బీ చేసిన మొదటి సర్క్యూట్లో విడి తీగలు పైనుంచి వేలాడేవి. నోయిస్ పద్ధతిలో సిలికాన్ మీద ఆక్సైడు పొర, దాని మీద అచ్చు వేసినట్టు పలుచని లోహపు గీతలు. ఆ లోహం అల్యూమినియం.

అల్యూమినియమే ఎందుకంటే, అది ఆక్సైడుకి గట్టిగా అంటుకుంటుంది. సిలికాన్‌తో చక్కగా కలుస్తుంది. కరెంటు బాగా పారుతుంది, పైగా చవక. శూన్యంలో దాన్ని వేడి చేసి ఆవిరి చేస్తే, ఆ ఆవిరి ఎదురుగా ఉన్న సిలికాన్ బిళ్ళ మీద పొరగా పేరుకుంటుంది. అన్నం గిన్నె మూత మీద నీటి ఆవిరి పేరుకున్నట్టే. 1960లలో అందరూ చేసింది ఇదే.

అయితే ఈ అల్యూమినియంతో రెండు తలనొప్పులు వచ్చాయి.

మొదటిది సిలికాన్‌ని తినేయడం. లోహం, సిలికాన్ బాగా అతుక్కోవాలని బిళ్ళని ఓ 450 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఆ వేడిలో కొంచెం సిలికాన్ అల్యూమినియంలో కరుగుతుంది. కరిగిన చోట గుంట పడుతుంది, ఆ గుంటలోకి అల్యూమినియం మేకులా దిగుతుంది. కింద ఉన్న ట్రాన్సిస్టరు జంక్షను లోతు తక్కువైతే ఆ మేకు దాన్ని పొడిచేస్తుంది, షార్ట్ సర్క్యూట్. దీనికి మందు తేలిక. ఉప్పు బాగా కలిపిన నీళ్ళలో ఇంకాస్త ఉప్పు వేస్తే కరగదు కదా. అలాగే అల్యూమినియంలో ముందే నూటికి ఒక పాలు సిలికాన్ కలిపేస్తే, దాని ఆకలి తీరిపోయి కింది సిలికాన్ జోలికి పోదు.

రెండోది ఇంతకన్నా పెద్ద సమస్య. చిప్పులు ఫ్యాక్టరీలో పాసై, వాడకంలో కొన్నాళ్ళు బాగానే నడిచి, ఉన్నట్టుండి చచ్చిపోయేవి. పగలగొట్టి మైక్రోస్కోపులో చూస్తే అల్యూమినియం గీత ఒకచోట తెగిపోయి ఉండేది, ఇంకోచోట గుట్టలా పేరుకుని ఉండేది. కరిగిన గుర్తులు లేవు, తుప్పు లేదు. లోహం తనంతట తాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడిచి వెళ్ళినట్టుంది.

నిజంగా జరిగిందదే. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. తీగలో ఎలక్ట్రాన్లు పారుతూ దారిలో ఉన్న పరమాణువులని కొద్దికొద్దిగా తోస్తాయి. ఏట్లో నీళ్ళు ఇసుకని తోసుకుపోయినట్టన్నమాట. ఒకచోట కోత, ఒకచోట మేట. కరిగిన లోహాల్లో ఇలాంటిది జరుగుతుందని ఫ్రాన్సులో జెరార్డిన్ అనే ఆయన 1861లోనే గమనించాడు. వందేళ్ళ పాటు అది ఎవరికీ పట్టని విషయం. ఎందుకంటే మామూలు తీగల్లో ఆ తోపు లెక్కలోకి రాదు. మన ఇంటి గోడలో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 15 ఆంపియర్లు పారితే, చదరపు మిల్లీమీటరుకి 10 ఆంపియర్లు. చిప్పులో గీత మందం మైక్రాన్లలో ఉంటుంది. అక్కడ చిన్న కరెంటు కూడా చదరపు సెంటీమీటరుకి పది లక్షల ఆంపియర్ల లెక్కకి వెళుతుంది. అంటే చదరపు మిల్లీమీటరుకి పది వేలు, ఇంటి తీగకి వెయ్యి రెట్లు. మామూలు తీగైతే ఎప్పుడో కాలిపోయేది. చిప్పులో గీతకి కింద సిలికాన్ ఉంది కాబట్టి వేడి లాగేస్తుంది. తీగ కాలదు గానీ కొట్టుకుపోతుంది.

మోటరోలాలో జేమ్స్ బ్లాక్ అనే ఇంజినీరు దీని మీద కూర్చున్నాడు. 1967 నుంచి 1969 మధ్య ఆయన వేసిన పేపర్లలోంచి వచ్చిన సమీకరణాన్ని ఇప్పటికీ బ్లాక్ సమీకరణం అనే పిలుస్తారు. సారాంశం చెప్తాను. తీగ ఆయువు కరెంటు సాంద్రత వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది, అంటే సాంద్రత రెట్టింపైతే ఆయువు నాలుగో వంతు. ఇక వేడి పెరిగేకొద్దీ ఆయువు ఎక్స్‌పొనెన్షియల్‌గా పడిపోతుంది. ఈ రెండు ముక్కల విలువేమిటో మనబోటి వాళ్ళకి వెంటనే తెలియాలి. పదేళ్ళు నడవాల్సిన తీగని పరీక్షించడానికి పదేళ్ళు ఆగక్కర్లేదు. ఎక్కువ వేడిలో, ఎక్కువ కరెంటుతో కొన్ని వందల గంటలు నడిపి, ఎన్ని గంటలకి ఎన్ని తెగాయో లెక్కపెట్టి, మామూలు పరిస్థితుల్లో ఎన్నేళ్ళు బతుకుతుందో చెప్పొచ్చు. జబ్బు ఇంకా నయం కాలేదు గానీ దాన్ని కొలిచే కొలబద్ద దొరికింది.

కొలబద్ద దొరికాక మందు వెతకడం తేలికైంది. 1970లో ఐబీఎం పరిశోధకులు ఏమ్స్, డ్యూర్ల్, హార్స్ట్‌మన్ ముగ్గురూ కలిసి తమ కంపెనీ పత్రికలోనే ఒక పేపరు వేశారు. అల్యూమినియంలో కొద్దిగా రాగి కలిపితే తీగ ఆయువు పదుల రెట్లు పెరుగుతుందని అందులో చూపించారు. మొదట్లో వాడింది నూటికి నాలుగు పాళ్ళ దరిదాపుల్లో.

మనకి ఇందులో ఆశ్చర్యం ఉండకూడదేమో. మేలిమి బంగారంతో నగ చేస్తే వంగిపోతుందని, కాస్త రాగి కలపాలని మన కంసాలులకి ఎప్పటినుంచో తెలుసు. నూటికి నాలుగు పాళ్ళ రాగి కలిపిన అల్యూమినియం కూడా కొత్తది కాదు. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టిన డ్యూరాలుమిన్ దాదాపు అదే పాకం, కాస్త మెగ్నీషియంతో. జెప్లిన్లూ విమానాలూ దాంతోనే ఎగిరాయి. కానీ విమానంలో రాగి చేసే పని వేరు, చిప్పులో చేసే పని వేరు.

లోహం అంటే ఒకే ముద్ద కాదు. చిన్న చిన్న స్ఫటికాలు పక్కపక్కన అతుక్కుని ఉంటాయి. చిప్పు నడిచే వేడిలో అల్యూమినియం పరమాణువులు స్ఫటికం లోపలి నుంచి కదలడం కష్టం. స్ఫటికాల మధ్య సరిహద్దుల వెంట మాత్రం సందులో పోయినట్టు పోతాయి. కలిపిన రాగి వెళ్ళి చేరేది సరిగ్గా ఆ సరిహద్దుల్లోకే. ఎలక్ట్రాన్ల తోపుకి ముందు రాగి కొట్టుకుపోతుంది. ఒక చోట రాగి ఖాళీ అయ్యేదాకా అక్కడి అల్యూమినియం పెద్దగా కదలదు. ఇదంతా ఇంత స్పష్టంగా తేలడానికి 1970 తర్వాత చాలా ఏళ్ళు పట్టింది. కానీ రాగి ఎంత కలిపితే ఆయువు ఎంత పెరుగుతుందో మొదటి రోజు నుంచే అంకెల్లో ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తాను.

ఇప్పుడు ఇంకో చిక్కు. అల్యూమినియం, ఒక పాలు సిలికాన్, కొద్దిగా రాగి: ఈ మూడు కలిసిన పొర వేయడం ఎలా? మిశ్రమలోహాన్ని మూసలో కరిగించి ఆవిరి చేస్తే ఏది తేలిగ్గా ఆవిరవుతుందో అది ముందు పోతుంది. సిలికాన్ అల్యూమినియంతో సమానంగా ఆవిరవ్వాలంటే దానికి ఇంకో 300 డిగ్రీలు ఎక్కువ కావాలి. కాబట్టి మూసలో కలిపింది ఒక లెక్క, బిళ్ళ మీద పడింది ఇంకో లెక్క. రెండు మూసలు పెట్టుకోవచ్చు, పొర మీద పొర వేసి కాల్చి కలపొచ్చు. కానీ వేల బిళ్ళల మీద రోజూ ఒకే పాళ్ళు రావాలంటే మహా కష్టం. మన భాషలో చెప్పాలంటే సోర్సు ఒకటే, బిల్డు మాత్రం రోజుకో రకం.

దీనికి జవాబు అప్పటికి నూట ఇరవై ఏళ్ళుగా ప్రయోగశాలల్లో చెత్తగా పడి ఉంది.

1852లో లండన్లో విలియం గ్రోవ్ అనే ఆయన తక్కువ ఒత్తిడిలో ఉన్న వాయువుల్లోంచి కరెంటు పంపి చూస్తున్నాడు. వృత్తికి లాయరు, తర్వాత జడ్జి కూడా అయ్యాడు. ఫ్యూయల్ సెల్ మొదట చేసింది ఈయనే. తీగ కొనకి ఎదురుగా పెట్టిన నున్నటి వెండి పలక మీద ఏదో మరకలాంటి పొర ఏర్పడటం గమనించి రాసిపెట్టాడు. తర్వాత కాథోడ్ కిరణాల గొట్టాలతో పనిచేసిన ప్రతివాళ్ళకీ ఈ మరక ఎదురైంది. కాథోడు లోహం మెల్లగా అరిగి, గొట్టం లోపలి గాజు నల్లబడేది. చాలామందికి అది తుడుచుకోవలసిన మురికి, గొట్టం ఆయువు తగ్గించే జబ్బు. 1877లో యేల్ విశ్వవిద్యాలయంలో రైట్ అనే ఆచార్యుడు మాత్రం దీంతో అద్దాలు చేయొచ్చన్నాడు.

దీంతో వ్యాపారం చేసింది ఎడిసన్. ఫోనోగ్రాఫు మైనపు రికార్డులకి నకళ్ళు తీయాలంటే మైనం మీద లోహపు అచ్చు పోయాలి. ఎలక్ట్రోప్లేటింగ్ చేద్దామంటే మైనంలో కరెంటు పారదు. అందుకని శూన్యంలో బంగారపు ఎలక్ట్రోడ్ల మధ్య డిశ్చార్జి నడిపి, మైనం మీద కంటికి ఆననంత పలుచగా బంగారం పూత వేశారు. ఆ పూత మీద ఎలక్ట్రోప్లేటింగుతో మందంగా లోహం ఎక్కించారు. 1902లో అమ్మకానికి వచ్చిన గోల్డ్ మోల్డెడ్ సిలిండర్లు అలా పుట్టాయి. ఈ రెండు మెట్లనీ కూడా గుర్తుంచుకోండి: ముందు పలుచని పూత, తర్వాత ప్లేటింగు.

ఈ ప్రక్రియకి స్పటరింగ్ అని పేరు. చిటపటలాడి చిందడం. అసలు ఎందుకు చిందుతుంది అన్న దాని మీద యాభై ఏళ్ళు వాదన నడిచింది. నేను దాన్ని తిరగమోత వర్గం, క్యారమ్స్ వర్గం అని పెట్టుకున్నాను. తిరగమోత వర్గం ఏమంటుందంటే, అయాను తగిలిన చోట లోహం ఒక్క క్షణం విపరీతంగా వేడెక్కి, వేడి నూనెలో ఆవాల్లా పరమాణువులు ఎగురుతాయని. 1926లో వాన్ హిప్పెల్ ఈ పక్షం. అయాను స్ట్రైకరు లాంటిది, పరమాణువులు బిళ్ళలు, తగిలిన ఊపు ఒకదాన్నుంచి ఒకదానికి పాకి పైవాటిలో ఒకటి బయటికి ఎగిరిపోతుందన్నది రెండో పక్షం. 1909లోనే స్టార్క్ ఈ మాటన్నాడు. తగవు తేలింది 1955లో. గాట్‌ఫ్రీడ్ వేనర్ ఒకే స్ఫటికంతో చేసిన టార్గెట్ మీద ప్రయోగం చేశాడు. వేడికి ఆవిరైతే పరమాణువులు అన్ని వైపులకీ చిమ్మాలి. అలా కాకుండా స్ఫటికంలో పరమాణువుల వరసలు ఎటు ఉన్నాయో ప్రత్యేకంగా అటే ఎక్కువగా ఎగిరాయి. క్యారమ్స్ గెలిచింది.

ఇంత తగవు ఎందుకు చెప్పానంటే, మిశ్రమలోహం చిక్కుకి విడుపు ఇందులోనే ఉంది. పరమాణువుల్ని ఎగరగొట్టేది వేడి కాకపోతే, ఏది తేలిగ్గా ఆవిరవుతుందన్న ప్రశ్నే పోతుంది.

పద్ధతి ఇలా ఉంటుంది. శూన్యపు గదిలో కాస్త ఆర్గాన్ వాయువు వదులుతారు. కావలసిన లోహాన్ని పలకలా చేసి ఒక వైపు పెడతారు, దాని పేరే టార్గెట్. దానికి రుణ వోల్టేజి ఇస్తే ఆర్గాన్ అయాన్లు వచ్చి గుద్దుతాయి, ఎగిరిన పరమాణువులు ఎదురుగా ఉన్న సిలికాన్ బిళ్ళ మీద పొరగా పడతాయి. అయితే ఇక్కడా ఓ సందేహం రావాలి మీకు. 500 ఎలక్ట్రాన్ వోల్టుల ఆర్గాన్ అయాను ఒక్కటి గుద్దితే అల్యూమినియంలోంచి సుమారు ఒక పరమాణువు ఎగురుతుంది. రాగిలోంచి రెండుకి పైన. సిలికాన్లోంచి అర. మరి ఇక్కడ కూడా రాగి ముందే అయిపోవాలి కదా?

మొదట్లో అలాగే అవుతుంది. టార్గెట్ పై పొరలోంచి రాగి ఎక్కువగా పోతుంది. పోయేకొద్దీ పైన రాగి తగ్గుతుంది, తగ్గితే దెబ్బలు దానికి తక్కువ తగులుతాయి. చివరికి ఒక సమతౌల్యం వస్తుంది. అప్పటినుంచీ లోపల ఏ పాళ్ళలో ఉన్నాయో సరిగ్గా ఆ పాళ్ళలోనే బయటికి వస్తాయి. మూసలో కరిగిన లోహం ద్రవం, అది కలుస్తూ ఉంటుంది కాబట్టి మొత్తం ముద్ద పాళ్ళే మారిపోతాయి. టార్గెట్ గట్టిది, చల్లగా ఉంచుతారు. లోపలున్నది పైకి రాదు. ఉల్లిపాయలాగా పై పొర ఒలిస్తేనే కింది పొర. అందుకే కొత్త టార్గెట్ పెట్టగానే ముందు కాసేపు అడ్డం పెట్టి వృథాగా కొట్టనిస్తారు, ఆ తర్వాతే బిళ్ళలు లోపలికి. అక్కడినుంచి సోర్సులో ఏముంటే బిల్డులో దాదాపు అదే.

ఇంకా ఒక అడ్డంకి ఉండిపోయింది, వేగం. పాత స్పటరింగ్ మహా నెమ్మది. ఎలక్ట్రాన్లు వచ్చి సిలికాన్ బిళ్ళని కూడా వేడెక్కించేసేవి. 1974లో జాన్ చాపిన్ అనే ఆయన బల్లపరుపు మాగ్నెట్రాన్ మీద పేటెంటుకి దరఖాస్తు చేశాడు. టార్గెట్ వెనక అయస్కాంతాలు పెట్టి, ఎలక్ట్రాన్లని టార్గెట్ దగ్గరే గిరగిరా తిరిగేలా బంధించడమే ఆ ఉపాయం. అక్కడే ఎక్కువ ఆర్గాన్ అయాన్లు పుడతాయి, వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది, బిళ్ళ చల్లగా ఉంటుంది. ఇక 1980లలో చిప్పు ఫ్యాక్టరీల్లో ఆవిరి పద్ధతి పక్కకి జరిగి స్పటరింగ్ వచ్చి కూర్చుంది. అల్యూమినియం, ఒక పాలు సిలికాన్, అర పాలు రాగి అన్నది చాలా చోట్ల మామూలు పాకం అయిపోయింది.

నాలుగు పాళ్ళ రాగి అర పాలు ఎందుకైందంటే, ఆ మాసిక ఇంకోచోట కుట్టింది కాబట్టి. గీతలు చెక్కడానికి క్లోరిన్ ప్లాస్మా వాడతారు. అల్యూమినియం క్లోరైడు ఆవిరై పోతుంది, రాగి క్లోరైడు పోదు. అడుగున మడ్డిలా మిగులుతుంది, తేమ తగిలితే తుప్పుకి దారి. అందుకని ఆయువు సరిపడా ఉండి, చెక్కడం కుదిరేంత వరకే రాగి ఉంచారు. అంకెలు చేతిలో ఉన్నవాళ్ళకే ఇలాంటి బేరం సాధ్యం. నాలుగు ఎందుకో తెలియని వాడు అరకి తగ్గించే ధైర్యం ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు? నా స్క్రిప్టులో "రాత్రి రెండు" ఎందుకో నాకు తెలియదు కాబట్టే ఆరేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదు.

ఈ టార్గెట్ అనే పలక చూడ్డానికి మామూలుగా ఉంటుంది. 300 మిల్లీమీటర్ల సిలికాన్ బిళ్ళలకి వాడేది సుమారు 45 సెంటీమీటర్ల వెడల్పు, దోసె పెనం కన్నా పెద్దది. కానీ దీన్ని చేయడం ఒక విద్య. లోహం 99.999 శాతం లేదా అంతకన్నా శుద్ధంగా ఉండాలి. పోత పోసి, సాగగొట్టి, కాల్చి, స్ఫటికాలు సన్నగా ఒకే తీరుగా వచ్చేలా చూడాలి, లేకపోతే పొర మందం ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా అవుతుంది. లోపల ఎక్కడైనా ఆక్సైడు నలుసు ఉంటే అక్కడ మెరుపు కొట్టి లోహపు బొట్టు చింది బిళ్ళ మీద పడుతుంది. ఆ బొట్టు రెండు గీతల మధ్య పడితే చిప్పు పోయినట్టే. తర్వాత ఈ పలకని ఇంకో లోహపు పలకకి అతికిస్తారు, దాని వెనకనుంచి నీళ్ళతో చల్లబరుస్తారు.

యురేనియం, థోరియం గొడవ ఇంకోటి. 1978లో ఇంటెల్లో మే, వుడ్స్ అనే ఇద్దరు ఒక వింత బగ్గు మూలం బయటపెట్టారు. మెమొరీ చిప్పుల్లో ఏ కారణమూ లేకుండా బిట్లు తిరగబడుతున్నాయి. చూస్తే చిప్పు చుట్టూ ఉన్న పింగాణీ ప్యాకేజీలో లేశమాత్రం ఉన్న యురేనియం, థోరియం నుంచి వచ్చే ఆల్ఫా కణాల పని అది. అప్పటినుంచీ చిప్పుకి తగిలే ప్రతి పదార్థం మీదా నిఘా పడింది. టార్గెట్ లోహంలో కూడా ఈ రెండూ వంద కోట్ల పాళ్ళలో ఒకటి, అంతకన్నా తక్కువ ఉండాలని చూస్తారు. మనం ఈసీసీ మెమొరీ కొనేటప్పుడు ఇదంతా గుర్తుండదు.

ఇంత కష్టపడి చేసిన పలకలో వాడకంలోకి వచ్చేది మామూలు మాగ్నెట్రాన్లో మూడో వంతు అటూ ఇటూ. అయస్కాంతాలు ఎక్కడ ఎలక్ట్రాన్లని బంధిస్తాయో అక్కడే గుండ్రంగా కాలవలా అరుగుతుంది. కాలవ అడుగు తాకకముందే తీసేయాలి. మిగిలింది మళ్ళీ కరిగింపుకే.

అల్యూమినియం కథ 1997 సెప్టెంబరులో మలుపు తిరిగింది. చిప్పుల్లో గీతలు ఇక రాగితోనే వేస్తామని ఐబీఎం ప్రకటించింది, మరుసటి ఏడాది చిప్పులు బయటికి వచ్చాయి. రాగికి నిరోధం తక్కువ, ఎలక్ట్రోమైగ్రేషన్‌కి తట్టుకునే శక్తి ఎక్కువ. కానీ అది సిలికాన్లోకి పాకితే విషం. కాబట్టి ముందు టాంటలం తరహా అడ్డుగోడ పొర స్పటర్ చేస్తారు. దాని మీద పలుచగా రాగి స్పటర్ చేస్తారు. ఆ పలుచని రాగి మీద ఎలక్ట్రోప్లేటింగుతో మిగతా రాగి నింపుతారు. ఎక్కడో విన్నట్టుందా? ముందు పలుచని పూత, తర్వాత ప్లేటింగు. 1902లో ఎడిసన్ మైనం మీద వేసిన మెట్లే.

గీతలు ఇంకా సన్నబడ్డాక రాగి కూడా కొట్టుకుపోవడం మొదలెట్టింది. అప్పుడేం చేశారో ఊహించండి. ఆ పలుచని రాగి పొర వేసే టార్గెట్లో కొద్దిగా అల్యూమినియమో మాంగనీసో కలిపారు. 1970లో అల్యూమినియంలో చిటికెడు రాగి, నాలుగు దశాబ్దాల తర్వాత రాగిలో చిటికెడు అల్యూమినియం! జబ్బు అదే, కొలబద్ద అదే, పాత్రలు తారుమారు.

ఇక నా గోల కాస్త. 2024లో గుజరాత్‌లోని ధోలేరాలో టాటా వాళ్ళ చిప్పుల ఫ్యాక్టరీకి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పటినుంచీ మనవాళ్ళ మాటల్లో ఎన్ని వేల కోట్లు, ఎన్ని నానోమీటర్లు అన్నవే వినిపిస్తున్నాయి. మంచిదే. కానీ ఫ్యాక్టరీ అంటే ఒక భవనం, కొన్ని యంత్రాలు కాదు. వాటికి రోజూ మేత కావాలి. ఆ మేతలో ఒకటి ఈ పలక. దీన్ని బాగా చేయగలిగేది ప్రపంచంలో కొద్ది కంపెనీలే, వాటిలో జపాన్ కంపెనీలు ముందు వరసలో ఉన్నాయి. దశాబ్దాల తరబడి లోహాన్ని కరిగించి, కొలిచి, రాసిపెట్టుకున్న ఫలితం అది. శుద్ధమైన లోహాల పని మనకి పూర్తిగా తెలియనిదేం కాదు. హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో 1970ల నుంచి జిర్కోనియం శుద్ధి చేస్తున్నారు, చర్లపల్లిలో సీమెట్ ప్రయోగశాల ఎలక్ట్రానిక్స్ పదార్థాల మీదే పనిచేస్తోంది. అక్కడ పనిచేసేవాళ్ళ గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడైనా ఒక్క మాట విన్నారా? మెటలర్జీ సీటు వస్తే కంప్యూటర్స్‌కి మార్చుకోవడానికి ప్రయత్నించే వాతావరణంలోంచి వచ్చినవాళ్ళమే మనమంతా. నేనూ అందులో వాడినే, కాబట్టి ఎవర్నీ అనడం లేదు.

మళ్ళీ మొదటికొస్తాను. ఐబీఎం ముగ్గురు చేసిందీ మాసికే, నేను చేసిందీ మాసికే. వాళ్ళకి కూడా రాగి ఎందుకు పనిచేస్తోందో పూర్తిగా తెలియదు. కానీ జబ్బు ఎంత వేగంగా పెరుగుతుందో, మందు ఎంత వేస్తే ఎంత తగ్గుతుందో తెలుసు. అది కాగితం మీద ఉంది. అందుకే వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని తగ్గించగలిగారు, మార్చగలిగారు, చివరికి రాగిలోకి తిరగేసి వాడగలిగారు. నా స్క్రిప్టు పక్కన మాత్రం "టెంపరరీ" అన్న ఒక్క మాట, నా పేరు.

ఈ కథంతా చదివాక ఆ కుర్రాణ్ణి పిలిచి, బ్లాక్ చేసినట్టే చేద్దాం రా అన్నాను. టెస్టు మెషీను మీద రీస్టార్టు తీసేసి, పదింతల లోడు పెట్టి, గంటకి మెమొరీ ఎంత పెరుగుతోందో ఒక్కో రకం రిక్వెస్టుకి విడివిడిగా కొలిచాం. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క నెలవారీ రిపోర్టు తప్ప. అది పిలిచిన ప్రతిసారీ ఒక జాబితా పెరుగుతోంది, ఎవరూ ఖాళీ చేయడం లేదు. ఆరేళ్ళ మాసిక, రెండు రోజుల పని.

స్క్రిప్టు ఇంకా తీయలేదు. సరిచేసిన కోడు నెల రోజులు నడిచాక తీద్దామనుకున్నాం. ఈలోగా దాని పక్కన ఇది ఎందుకుంది, గంటకి ఎంత పెరుగుతుంది, ఎప్పుడు తీసేయొచ్చు అని మూడు లైన్లు రాశాం. రాసింది ఆ కుర్రాడే. మీ సర్వర్లలో రాత్రి రెండింటికి ఏం జరుగుతోందో మీరూ ఓసారి చూసుకోండి.